ముందు కట్టుబాటా, ముందు రక్తమా?

మనుషుల్లో జాతులను ప్రకృతి చేసిందా, మనుషులే చేసుకున్నారా? ఈ ప్రశ్న మీద ప్రపంచంలో ఎక్కడ చర్చ జరిగినా ఆఫ్రికా, ఐరోపా, అమెరికా పేర్లే ముందుకొస్తాయి. కానీ దీనికి గట్టి సాక్ష్యాల్లో కొన్ని తెలుగు నేల మీదే దొరికాయి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో కోయగూడేలు, నాయకపోడు పల్లెలు, లంబాడా తండాలు, పదుల కొద్దీ కులాలున్న ఊళ్లు పక్కపక్కనే ఉన్నాయి. కోయ భాష తెలుగుకు దగ్గరి చుట్టం, లంబాడాల గోర్‌బోలి ఉత్తరాది భాషల కుటుంబానిది. మనుషుల మధ్య తేడా ఎక్కడినుంచి వచ్చిందని అడగడానికి ఇంతకన్నా తగిన చోటు ఉండదు. ఈ సంవాదంలో మాట్లాడేది ఇద్దరు. ఒకరు స్టేషన్ ఘన్‌పూర్‌లో స్థిరపడిన రిటైర్డ్ జువాలజీ లెక్చరర్. మరొకరు ఆయన దగ్గర చదువుకుని, ఇప్పుడు హైదరాబాదులో జన్యుశాస్త్రం మీద పనిచేస్తున్న శిష్యురాలు. ఇద్దరూ కల్పిత పాత్రలే. వాదాలు మాత్రం ఈ రంగంలో నిజంగా నడుస్తున్నవి.

సారు: బిడ్డా, మంచితనం కోసం సైన్సును వంచొద్దు. మనుషులంతా సమానమన్న మాట నేనూ ఒప్పుకుంటాను. అది రాజ్యాంగం ఇచ్చిన మాట, అది చాలు. జాతులున్నాయా లేవా అన్నది మాత్రం జీవశాస్త్రం తేల్చాల్సిన సంగతి. ఒంగోలు గిత్తనూ దేవని ఎద్దునూ పక్కపక్కన కట్టేస్తే ఏ రైతైనా చూడగానే చెప్తాడు ఏది ఏదో. అట్లాగే నైజీరియా నుంచి ఒకరిని, జపాన్ నుంచి ఒకరిని, స్వీడన్ నుంచి ఒకరిని తెచ్చి నిలబెడితే చిన్నపిల్లలు కూడా గుర్తుపడతారు. రంగు జన్యువుల్లోదే, జుట్టు జన్యువుల్లోదే, కనురెప్ప మడత కూడా జన్యువుల్లోదే. కంటికి ఇంత స్పష్టంగా కనిపించేది జీవశాస్త్రంలో లేదంటే ఎట్లా నమ్మాలి? పక్షుల్లో, జింకల్లో, చివరికి పీతల్లో కూడా ఉపజాతులను ఒప్పుకునే మనం మనిషి దగ్గరికి వచ్చేసరికి ఎందుకు జంకుతున్నాం?

శిష్యురాలు: తేడాలు లేవని నేననడం లేదు సార్. ఆ తేడాలు నాలుగైదు ముద్దలుగా విడిపోయి ఉన్నాయా అన్నదే ప్రశ్న. 1972లో రిచర్డ్ లెవాంటిన్ రక్తపు గ్రూపులకూ, ప్రోటీన్లకూ సంబంధించిన 17 జన్యువులు తీసుకుని ప్రపంచ జనాభాల్లో వైవిధ్యం ఎక్కడుందో లెక్కగట్టాడు. మొత్తం వైవిధ్యంలో 85.4 శాతం ఒకే జనసమూహంలోని మనుషుల మధ్యనే ఉంది. ఒకే జాతి అనుకునే జనాల్లో ఒక సమూహానికీ మరో సమూహానికీ మధ్య 8.3 శాతం. మనం జాతులు అని పిలిచేవాటి మధ్య ఉన్నది 6.3 శాతమే. ఆ తరువాత లక్షల కొద్దీ గుర్తులతో చేసిన లెక్కలు కూడా దీన్ని తలకిందులు చేయలేదు. కుక్కల మీద 2004లో జరిగిన అధ్యయనంలో ఒక బ్రీడుకూ మరో బ్రీడుకూ మధ్య తేడా మొత్తం వైవిధ్యంలో 27 శాతం దాకా తేలింది. మీ ఎద్దుల పోలిక మనుషులకు ఎందుకు కుదరదో ఇక్కడే తెలుస్తుంది. పైగా ఒంగోలు గిత్త తనంతట తాను ఒంగోలు గిత్త కాలేదు. ఏ ఆబోతును ఏ ఆవుకు దాటించాలో రైతు తరతరాలుగా నిర్ణయిస్తూ వచ్చాడు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను. ఇక కంటికి కనిపించే రంగు సంగతి. ఆఫ్రికావాళ్లూ, పాపువా న్యూగినీవాళ్లూ నల్లగానే ఉంటారు. అయినా వంశవృక్షంలో పాపువావాళ్లు ఆసియా జనాలకు దగ్గర, ఆఫ్రికాకు దూరం. బయటినుంచి ఒక్కటిగా కనిపించే ఆఫ్రికా లోపలే మిగతా ప్రపంచమంతటి కన్నా ఎక్కువ జన్యువైవిధ్యం ఉంది. రంగు చాలావరకు కొద్ది జన్యువుల సంగతి, ఎండను బట్టి మారేది. ఎస్‌ఎల్‌సీ24ఏ5 అనే జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారితే చర్మపు రంగు లేతబడుతుంది. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న 2013 నాటి అధ్యయనంలో దక్షిణ భారతానికి చెందిన 1,228 మంది చర్మపు రంగు కొలిచి చూస్తే, వాళ్ల మధ్య తేడాలో 27 శాతానికి ఆ ఒక్క అక్షరమే కారణమని తేలింది. అందుకే మన ఇళ్లలో ఒకే తల్లి కడుపున అన్న నల్లగా, చెల్లెలు ఎర్రగా పుడతారు. వాళ్లిద్దరూ రెండు జాతులని ఎవరూ అనరు కదా.

సారు: లెవాంటిన్ లెక్కలో లొసుగు ఉందని 2003లో ఎడ్వర్డ్స్ చూపించాడు, అది నువ్వు దాటేస్తున్నావు. ఒక్కొక్క జన్యువును విడిగా చూస్తే తేడా కొంచెమే. వందల జన్యువులను కలిపి చూస్తే మనిషి ఏ ఖండం వాడో దాదాపు తప్పకుండా చెప్పొచ్చు. 2002లో రోజెన్‌బర్గ్ బృందం 52 సమూహాలకు చెందిన 1,056 మంది డీఎన్‌ఏలో 377 గుర్తులు చూసి, వాళ్లను ఐదు గుంపులు చేయమని కంప్యూటరుకు చెప్పింది. ఎవరు ఎక్కడివాళ్లో కంప్యూటరుకు చెప్పలేదు. అయినా ఆఫ్రికా, ఐరోపా నుంచి మధ్యప్రాచ్యం మీదుగా మన పక్కదాకా ఒకటి, తూర్పు ఆసియా, ఓషియానియా, అమెరికా అని ఐదూ వచ్చేశాయి. ఇవాళ అమెరికాలో ఉన్న మన పిల్లలు గొట్టంలో ఉమ్మి పంపిస్తే, దక్షిణ భారతం అని రిపోర్టు వస్తోంది. జీవశాస్త్రంలో ఆధారమే లేకపోతే ఆ రిపోర్టు దేన్ని చూసి రాస్తున్నారు?

శిష్యురాలు: ఎడ్వర్డ్స్ చెప్పింది నిజమే. మనిషి పూర్వీకులు ఎక్కడివాళ్లో డీఎన్‌ఏ చెప్పగలదు, అందులో వివాదం లేదు. పూర్వీకుల జాడ వేరు, జాతి వేరు. జాడను ఊరి దాకా, కొన్నిసార్లు కులం దాకా కూడా పట్టుకోవచ్చు. అంతమాత్రాన ప్రతి ఊరూ ఒక జాతి కాదు. రోజెన్‌బర్గ్ పరిశోధననే తీసుకుందాం. అదే కంప్యూటరుకు ఆరు గుంపులు చేయమంటే, ఆరో జాతిగా పాకిస్తాన్ కొండల్లోని కలాశ్ అనే చిన్న తెగ బయటపడింది. ఐదు దగ్గర ఆగితే అవి జాతులు, ఆరో దగ్గరికి వెళితే ఆ మాట నవ్వులపాలు. ఎక్కడ ఆగాలో డీఎన్‌ఏ చెప్పలేదు, మనమే చెప్పాం. పైగా ఖండాల మధ్య తేడా మొత్తంలో 3 నుంచి 5 శాతమేనని, 93 నుంచి 95 శాతం ఒక్కొక్క సమూహం లోపలిదేనని అదే పరిశోధన రాసింది. ఆ 52 సమూహాల్లో దక్షిణాసియా కింద ఉన్నవి పాకిస్తాన్ సమూహాలే, మన దేశం నుంచి ఒక్కటీ లేదు. వాళ్లు ఐరోపాతో కలిసి ఒకే గుంపులో పడ్డారు. 2015లో ముగిసిన వెయ్యి జన్యుక్రమాల ప్రాజెక్టులో 26 సమూహాలున్నాయి. అందులో బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగువాళ్లు 102 మంది ఒక సమూహం. అక్కడ మనల్ని ఐరోపాతో కాక, లాహోర్ పంజాబీలు, హ్యూస్టన్ గుజరాతీలు, బంగ్లాదేశ్ బెంగాలీలు, బ్రిటన్‌లోని శ్రీలంక తమిళులతో కలిపి దక్షిణాసియా అనే విడి పెట్టెలో పెట్టారు. మనిషి మారలేదు, పెట్టె మారింది. కాగితాల్లోనూ ఇదే కథ. భగత్‌సింగ్ థిండ్ అనే పంజాబీ తాను తెల్లజాతి కిందికి వస్తానని పౌరసత్వం కోసం వాదిస్తే, 1923లో అమెరికా సుప్రీంకోర్టు కాదంది. 1970 జనగణనలో అదే దేశం భారతీయులను తెల్లవాళ్లలో లెక్కేసి, 1980 నాటికి ఆసియా గడిలోకి మార్చింది. జన్యువులు పదేళ్లలో గడి మారవు.

సారు: సరే, అమెరికావాళ్ల పెట్టెలు పక్కన పెడదాం. మన ఊళ్లకే వద్దాం. 2001లో విశాఖపట్నం జిల్లాలోని కులాల మీద ఆంధ్రా యూనివర్సిటీ వాళ్లు, అమెరికా శాస్త్రవేత్తలు కలిసి చేసిన పరిశోధన నీకు తెలియనిది కాదు. మగవారసత్వంలో అన్ని కులాలూ ఆసియాకన్నా ఐరోపాకే దగ్గరని, కులం పైకి వెళ్లేకొద్దీ ఆ దగ్గరితనం పెరుగుతోందని వాళ్లు తేల్చారు. కులం నిచ్చెన మెట్టు మెట్టుకూ జన్యువు మారుతోందంటే, కులం వెనక జాతి ఉన్నట్టే కదా? అది రాజకీయంగా ఎవరికి నచ్చినా నచ్చకపోయినా.

శిష్యురాలు: అది ఎప్పుడో చెప్పినవాడు హెర్బర్ట్ రిజ్లీ సార్. 1901 జనగణనకు కమిషనరు. ముక్కు వెడల్పు పెరిగేకొద్దీ కులం హోదా తగ్గుతుందని సూత్రం కట్టాడు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గర్ థర్స్టన్ కొలత పరికరాలతో దక్షిణాది ఊళ్లు తిరిగి, 1909లో ఏడు సంపుటాలు అచ్చేశాడు. నిజాం రాజ్యంలోని కులాలు, తెగల మీద సయ్యద్ సిరాజుల్ హసన్ పుస్తకం 1920లో వచ్చింది. మన జిల్లాలు అప్పుడు ఆ రాజ్యంలోవే. ముక్కు కొలతలనే తిరగేసి, ఒకే ప్రాంతంలోని బ్రాహ్మణుడికీ అంటరానివాడికీ మధ్య జాతి తేడా ఆ కొలతల్లో కనిపించదని అంబేడ్కర్ 1948 నాటి పుస్తకంలో చూపించారు. ఇక మీరన్న విశాఖ పరిశోధన. అది సగటుల సంగతి. సగటులో వంపు ఉండటం వేరు, మధ్యలో అంచు ఉండటం వేరు. రెండేళ్లకే, 2003లో కివిసిల్డ్ బృందం తెలుగు నేలలోని చెంచులను, కోయలను, దేశంలోని ఆరు కులాలతో పోల్చింది. ఆర్యుల రాకకు గుర్తని అప్పటిదాకా అనుకున్న మగ క్రోమోజోమ్ గుర్తు చెంచుల్లో 26 శాతం మందిలో కనిపించింది. నల్లమలలో వేటాడి బతికిన తెగలో అది అంత ఉంటే, దాన్ని పై కులం చిహ్నం అని ఎట్లా అంటాం? తరువాత 2009లో సీసీఎంబీకి చెందిన తంగరాజ్, లాల్జీ సింగ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ కలిసి 25 సమూహాల నుంచి 132 మంది జన్యుక్రమాన్ని అయిదు లక్షలకు పైగా చోట్ల చదివారు. ఆ 25లో మాల, మాదిగ, వెలమ, వైశ్య, కంసాలి, నాయుడు, చెంచు సమూహాలన్నీ ఉన్నాయి. వాళ్లకు తేలింది ఏమిటంటే, ప్రధాన భూభాగంలో చూసిన సమూహాల్లో చాలావాటిలో రెండు పాత జనాల రక్తం కలిసే ఉంది. ఒకటి పడమటి ఆసియా, ఐరోపాలకు దగ్గరిది. మరొకటి ఇక్కడిదే. మొదటిది మాల మాదిగల్లో సుమారు 40 శాతం, వెలమల్లో సుమారు 55 శాతం. ఇక్కడిదాకా మీ నిచ్చెన నిలబడ్డట్టే కనిపిస్తుంది. కానీ పడమటి భారతంలో దళితులుగా లెక్కించే మేఘవాల్ కులంలో అది 60 శాతం దరిదాపు. మన దగ్గరి దొరల కులం కన్నా అక్కడి అంటరాని కులంలో ఆ రక్తం ఎక్కువ. హోదాకు మూలం రక్తమైతే ఈ లెక్క ఎట్లా వస్తుంది? నేల మారితే శాతం మారుతోంది, కులం హోదా మాత్రం శాతాన్ని అడిగి పుట్టలేదు.

సారు: అది బాగానే ఉంది. నా దగ్గర ఇంకొక మాట ఉంది, దానికి జవాబు చెప్పు. ఆపరేషన్ ముందు మత్తు ఇచ్చేటప్పుడు కండరాలు సడలడానికి సక్సినైల్‌కోలిన్ అనే మందు వాడతారు. మామూలు మనిషిలో నాలుగైదు నిమిషాల్లో దాని పని అయిపోతుంది. బ్యూటిరిల్‌కోలినెస్టరేస్ అనే ఎంజైము లేని మనిషిలో అది గంటల తరబడి కరగదు, ఊపిరి యంత్రం మీద పెట్టాల్సి వస్తుంది. ఆ లోపం వైశ్యుల్లో ఇతరులకన్నా వంద రెట్లు ఎక్కువని మీ శాస్త్రవేత్తలే రాశారు. మన దగ్గర అనుభవమున్న మత్తు డాక్టర్లు కోమటి కుటుంబమని తెలిస్తే ఆ మందు జోలికి పోకుండా ఇంకొకటి వాడతారు. ఒక కులం పేరు చెబితే మందు మారుతోందంటే, ఇంతకన్నా జీవశాస్త్రం ఏముంటుంది? నువ్వు ముందు తలుపు మూసి, వెనక తలుపు తెరిచినట్టుంది.

శిష్యురాలు: ఈ వాదంలో అన్నింటికన్నా బరువైన మాట ఇదే సార్. అందుకే దీన్ని నెమ్మదిగా విప్పాలి. ఆ లోపం వైశ్యుల్లో ఎందుకు ఎక్కువైంది? ఆ కులం రక్తంలో మొదటినుంచీ ఏదో ప్రత్యేకత ఉండటం వల్ల కాదు. వంద తరాలకు పైగా వెనక, కొద్దిమంది పూర్వీకులతో ఆ సమూహం మొదలైంది. ఆ కొద్దిమందిలో ఎవరో ఒకరిలో ఎంజైము జన్యువులో ఒక అక్షరం మారి ఉంది. ఆ తరువాత కులం బయట పెళ్లి చేసుకోవద్దన్న కట్టుబాటు నిలిచింది. బయటి జన్యువు లోపలికి రాలేదు, లోపలిది బయటికి పోలేదు. ఆ ఒక్క అక్షరం ఇవాళ ముప్పై లక్షలకు పైగా ఉన్న జనంలో తిరుగుతోంది. మేనరికం చేసుకోకపోయినా ఇది తప్పదు. భార్యాభర్తలకు తెలిసిన చుట్టరికమేమీ లేకున్నా, వెనక్కి వెళితే అదే పిడికెడు పూర్వీకుల దగ్గర కలుస్తారు. ఇద్దరి దగ్గరినుంచీ పాడైన జన్యువు వచ్చిన బిడ్డకే ఆ లోపం పూర్తిగా వస్తుంది. ఇది వైశ్యుల ఒక్కరి కథ కాదు. 2017లో వచ్చిన అధ్యయనంలో దక్షిణాసియాలోని 263 సమూహాలను చూస్తే, 81 సమూహాల్లో ఈ పిడికెడు పూర్వీకుల ప్రభావం, దీనికి పేరుబడ్డ ఫిన్లాండ్ వాళ్లకన్నా, అష్కెనాజీ యూదులకన్నా గట్టిగా ఉంది. వాటిలో పద్నాలుగు సమూహాల జనాభా పది లక్షలు దాటింది. రెడ్లు, వడ్డెరలు, వైశ్యులు ఆ జాబితాలో ఉన్నారు. దీనికి ముందు ఏముందో 2013 నాటి పరిశోధన చెబుతుంది. సుమారు 4,200 ఏళ్ల కిందటి నుంచి 1,900 ఏళ్ల కిందటి దాకా ఈ దేశంలో జనాలు విచ్చలవిడిగా కలిసిపోయారు. దాదాపు అందరిలోనూ రెండు రక్తాలు ఉన్నది అందుకే. ఆ తరువాత తలుపులు మూసుకున్నాయి. అంటే ఒకప్పుడు కలిసిన జనమే తరువాత విడదీయబడింది. మీరు ఒంగోలు గిత్త పేరెత్తినప్పుడు మళ్లీ వస్తానన్నది ఇక్కడికే. ఏ ఆబోతును ఏ ఆవుకు అన్నది రైతు నిర్ణయించినట్టు, ఎవరు ఎవరిని పెళ్లాడాలో కులం నిర్ణయించింది. కులానికి ప్రాణం ఈ లోపెళ్లి కట్టుబాటులోనే ఉందని అంబేడ్కర్ 1916లోనే, కొలంబియా యూనివర్సిటీలో చదివిన వ్యాసంలో వాదించారు. అప్పటికి డీఎన్‌ఏ నిర్మాణం ఎవరికీ తెలియదు. కట్టుబాటు ముందు, జన్యువులో దాని ముద్ర తరువాత. ముద్రను చూపించి కట్టుబాటు ప్రకృతిదనడం వరస తిప్పడమే.

సారు: వరస ఏదైనా ముద్ర అయితే ఉంది కదా. డాక్టరుకు కావాల్సింది చరిత్ర కాదు, ముద్ర. ఒక పల్లె దవాఖానలో ప్రతి రోగికీ జన్యుపరీక్ష చేయించే స్థోమత ఎవరికుంది? ఆ చోట జాతి, కులం అనేవి ఉరామరికగా వాడుకునే గుర్తులు. అవి పనికొచ్చినంత కాలం వాటికి ఆధారం లేదని ఎట్లా కొట్టేస్తావు?

శిష్యురాలు: పనికొస్తున్నాయా అన్నదే చూద్దాం. వైశ్యులనూ రెడ్లనూ కలిపి ఒకే దక్షిణాసియా జాతి అని రాస్తే, ఆ మత్తుమందు ప్రమాదం సగటులో కరిగిపోతుంది, డాక్టరుకు కనిపించదు. జాతి అనే జల్లెడ కన్నాలు మరీ పెద్దవి. కొడవలి కణాల జబ్బును అమెరికాలో చాలాకాలం నల్లవాళ్ల జబ్బన్నారు. అది పశ్చిమ ఆఫ్రికాలో ఉంది, గ్రీసులో ఉంది, అరేబియాలో ఉంది, మధ్య భారతం నుంచి గోదావరి అడవుల దాకా గిరిజనుల్లో ఉంది. అది మలేరియా ఉన్న చోటును అంటిపెట్టుకుని పెరిగింది, జాతిని కాదు. కేంద్రం 2023లో మొదలుపెట్టిన కొడవలి కణాల నిర్మూలన కార్యక్రమం కూడా మనుషులకు రక్తపరీక్ష చేసి జబ్బును వెతుకుతోంది, రంగు చూసి కాదు. జాతి గుర్తు కీడు చేసిన సందర్భం కూడా ఉంది. మూత్రపిండాలు ఎంత బాగా పనిచేస్తున్నాయో లెక్కగట్టే సూత్రంలో, రోగి నల్లజాతివాడైతే అమెరికాలో ఫలితాన్ని 1.159తో గుణించేవారు. దాంతో కాగితం మీద మూత్రపిండం ఉన్నదానికన్నా బాగున్నట్టు కనిపించి, మార్పిడి వరుసలో పేరు ఆలస్యంగా ఎక్కేది. 2021లో అక్కడి కిడ్నీ వైద్య సంఘాలే ఆ గుణకారాన్ని తీసేయమన్నాయి. మన దగ్గర కూడా కులం పేరు ఒక సూచన మాత్రమే. వైశ్యుల్లో అత్యధికులకు ఆ లోపం లేదు, ఇతర కులాల్లో కొందరికి ఉంది. అడగాల్సిన ప్రశ్న మీ కులమేమిటని కాదు. మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తరువాత మెలకువ, ఊపిరి ఆలస్యమయ్యాయా అని. అనుమానముంటే రక్తంలో ఎంజైము స్థాయి చూసుకోవచ్చు, దానికి జన్యుక్రమం మొత్తం చదవక్కర్లేదు.

సారు: అయితే నా మాటలో కొంత నిలిచింది, కొంత పోయింది. ఖండాల జాతుల మాట వదులుకుంటాను. ఐదు దగ్గర ఎందుకు ఆగాలో నా దగ్గర జవాబు లేదు. కానీ కులం మీద నాకు ఇంకా ఒక భయం ఉంది. మీరు ఎంత జాగ్రత్తగా చెప్పినా, ఫలానా కులానికి ఫలానా జన్యువని పత్రికలో పడితే, రిజ్లీ కొలతపట్టీని మళ్లీ చేతికిచ్చినట్టే. జనం ముద్రను చూస్తారు, వరస చూడరు. జీనోమ్ ఇండియా ప్రాజెక్టు పదివేల మంది జన్యుక్రమాలు 2025 జనవరిలో బయటపెట్టింది. ఇక ముందు ఇటువంటి వార్తలు ఇంకా వస్తాయి.

శిష్యురాలు: ఆ భయం నిజమైనదే సార్. దానికి మందు ఆ వివరాలను దాచడం కాదు, వాటిని పూర్తిగా చెప్పడం. సగం చెబితేనే అవి రిజ్లీ చేతికి పోతాయి. పూర్తిగా చెప్పడమంటే ఏమిటో ఒక లెక్కతో చెబుతాను. ఎంజైము లోపం పూర్తిగా రావాలంటే తల్లి వైపునుంచీ తండ్రి వైపునుంచీ పాడైన జన్యువు రావాలి. ఆ మార్పు మోస్తున్న అబ్బాయి, అది దాదాపు లేని ఇంకో కులం అమ్మాయిని పెళ్లి చేసుకుంటే, వాళ్ల బిడ్డకు ఆ ప్రమాదం దాదాపు ఉండదు. వంద తరాలు పేర్చిన ముద్ర ఆ ఇంట్లో ఒక్క తరంలో జబ్బుగా మారే శక్తి కోల్పోతుంది. ప్రకృతి గీసిన గీత అట్లా ఒక పెళ్లితో పనికిరాకుండా పోదు. గుర్రాన్నీ గాడిదనూ కలిపితే పుట్టేది గొడ్డు కంచరగాడిద, అది ప్రకృతి గీత. మన గీత దాటినవాళ్ల పిల్లలు ఆరోగ్యంగానే పుడుతున్నారు. అందుకే మనుషుల్లో జాతికి జీవశాస్త్రంలో ఆధారం ఉందా అని అడిగితే నా జవాబు ఇది: పూర్వీకుల జాడ ఉంది, కట్టుబాటు వదిలిన ముద్ర ఉంది, ఆ ముద్ర వల్ల వచ్చిన జబ్బులు ఉన్నాయి, వాటికి వైద్యం చేయాలి. ఆ కట్టుబాటును మాత్రం ఏ జన్యువూ రాయలేదు, మనమే పెట్టుకున్నాం. కాబట్టి తీసేయగలిగినదీ మనమే.